కళ్లజోడు తీయించుకునే ముందు మైక్రాన్ల లెక్క

విజయవాడలో కాలేజీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన అవగాహన సభలో కళ్లజోడు అవసరం లేకుండా చేసే లేజర్ ఆపరేషన్ల గురించి ఒక కంటి వైద్యుడి ప్రసంగం. రికార్డింగు నుంచి రాసుకున్న పాఠం ఇది.

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినపడుతోందా? ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి కొడుతోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఈ హాల్లో సగం మందికి కళ్లజోళ్లున్నాయి. మిగతా సగంలో కొందరు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని వచ్చుంటారు. లోపలికి వస్తూ నలుగురైదుగురు అడిగిన ప్రశ్న ఒకటే: "లాసిక్ మంచిదా డాక్టరుగారూ, స్మైల్ మంచిదా, కాంటూరా మంచిదా?" మెషీన్ పేరు చెప్పి మంచిచెడ్డలు అడిగితే నా దగ్గర జవాబు లేదండీ. మీ కార్నియా మందం ఎంత, మీ పవర్ ఎంత, తీసివేస్తే ఎంత మిగులుతుంది, ఈ మూడంకెలూ చెప్పండి, అప్పుడు జవాబు వస్తుంది. ఈ పూట ఆ తీసివేత నేర్పిస్తాను. మూడో తరగతి లెక్కే.

కార్నియా అంటే నల్లగుడ్డు మీద వాచీకి అద్దం ఉన్నట్టు ఉండే పారదర్శకమైన పొర. అడ్డంగా కొలిస్తే 11, 12 మిల్లీమీటర్లు. మధ్యలో మందం సుమారు అర మిల్లీమీటరు. మేం మైక్రాన్లలో చెప్పుకుంటాం, మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. చాలామందికి 500 నుంచి 560 మధ్య ఉంటుంది. కన్ను మొత్తం శక్తి 60 డయాప్టర్లయితే (మీ కళ్లజోడు పవర్ చెప్పే కొలత అదే), అందులో 43 దాకా ఈ పొర వంపు నుంచే వస్తుంది. లోపలున్న లెన్సు వాటా మిగతాదే. అందుకే వంపుని కాస్త మారిస్తే పవర్ మారిపోతుంది. మైనస్ పవర్ ఉన్నవాళ్లకి మధ్యభాగాన్ని చదును చేస్తాం. ప్లస్ ఉన్నవాళ్లకి చుట్టూ చెక్కి మధ్యని ఉబ్బెత్తు చేస్తాం. అడ్డ పవర్, అదే సిలిండర్ ఉంటే, ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ చెక్కుతాం. లేజర్లన్నీ చేసేది ఈ చెక్కడమే.

చెక్కే లేజర్ పేరు ఎక్సైమర్. 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం. దీంతో కణజాలాన్ని పక్కన కాలకుండా పొరపొరగా తీయొచ్చని 1981లో అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో మద్రాసు నుంచి వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్, ఆయన సహచరులు కనిపెట్టారు. పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద మొదట కొట్టి చూశారు. కంప్యూటర్ చిప్పుల కోసం తెచ్చుకున్న లేజర్ అది. 1983కల్లా స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టరు దాన్ని కార్నియా దాకా తీసుకొచ్చాడు. మన దక్షిణాది బుర్ర ఉందందులో. కానీ హోర్డింగుల మీద ఆ పేరు ఎక్కడా కనపడదు!

ఇక తీసివేత. బోర్డు మీద రాస్తాను చూడండి.

ఒక అమ్మాయి ఉందనుకుందాం. కార్నియా మందం 530. పవర్ మైనస్ 6. లేజర్ ఒక డయాప్టర్ తగ్గించడానికి ఎంత మందం తింటుంది? చెక్కే వృత్తం వ్యాసాన్ని వర్గం చేసి, పవర్‌తో గుణించి, 3తో భాగించండి. 6 మిల్లీమీటర్ల వృత్తానికి డయాప్టర్‌కి 12 మైక్రాన్లు, ఆరున్నరకి 14. కొన్ని మెషీన్లలో 15, 16 కూడా అవుతుంది. మనం 14 వేసుకుందాం. ఆరు పద్నాలుగులు 84.

లాసిక్ అయితే ముందు పైన ఒక పల్చటి మూత కోస్తాం. దాన్నే ఫ్లాప్ అంటారు. అది పూర్తిగా ఊడి రాదు, డబ్బా మూతకి మడతబందు ఉన్నట్టు ఒక పక్క అతుక్కునే ఉంటుంది. మందం 110 అనుకోండి. మూత ఎత్తి, కింద చెక్కి, మళ్లీ మూస్తాం. అప్పుడు 530లోంచి 110, 84 తీసేస్తే 336.

"మూత మళ్లీ పెట్టేశారుగా, దాన్ని ఎందుకు తీసేస్తున్నారు?" అని అడగాలి మీరు. మూత అతుక్కుంటుంది, చూపు బాగుంటుంది, కానీ బలం ఇవ్వదు. కంటి లోపల ఎప్పుడూ నీటి ఒత్తిడి ఉంటుంది. దాన్ని ఆపేది మూత కింద మిగిలిన పొరే. ఆ మిగులు 250 మైక్రాన్ల కంటే తగ్గకూడదన్నది పాతకాలం నుంచీ ఉన్న గీత. నామటుకు నేను 300 దగ్గరే ఆగిపోతాను, మా వృత్తిలో ఇప్పుడు చాలామందిదీ అదే అలవాటు. ఇంకో గీత కూడా ఉంది. మూతా, చెక్కిందీ కలిపి మొత్తం మందంలో 40 శాతం దాటకూడదు. మన అమ్మాయికి 530లో 194 పోయింది, 37 శాతం లోపే. చేయొచ్చు.

ఇప్పుడు వాళ్ల అన్నయ్య. మందం 490, పవర్ మైనస్ 8. ఎనిమిది పద్నాలుగులు 112, మూత 110. మొత్తం 222. మిగిలింది 268. పాత గీత ప్రకారం పాసే! కానీ శాతం చూడండి, 45 దాటింది. ఇతనికి లాసిక్ వద్దు. చెల్లెలికి చేశారు కాబట్టి నాకూ చేయమంటే కుదరదు. ఒకే ఇంట్లో పుట్టినా, ఇద్దరూ ఒకే రోజు వచ్చినా, ఒకరికి అవునని, ఒకరికి కాదని చెప్పాల్సి వస్తుంది. "డబ్బులు కడతామండీ" అంటే మైక్రాన్లు పెరగవు కదా.

మిగులు తక్కువైతే ఏమవుతుంది? వెంటనే ఏమీ కాదు, అదే ప్రమాదం. ఆపరేషన్ మర్నాడు చూపు అద్దంలా ఉంటుంది. నెలలకో, రెండు మూడేళ్లకో లోపలి ఒత్తిడికి కార్నియా ముందుకు ఉబ్బుతుంది. దీన్ని ఎక్టేషియా అంటారు. సైకిల్ టైరు అరిగిన చోట ట్యూబు బుడగలా బయటికొస్తుంది చూశారా, అలాగ. అప్పుడు పవర్ మళ్లీ వస్తుంది, అదీ కళ్లద్దాలకి లొంగని వంకర పవర్. ముదరకుండా క్రాస్‌లింకింగ్ చేస్తాం. రైబోఫ్లావిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి చూపిస్తే పొర గట్టిపడుతుంది. ఉబ్బడం ఆగుతుంది కానీ పోయిన చూపు మొత్తం తిరిగి రాదు.

ఎక్టేషియాకి పల్చదనం ఒక్కటే కారణం కాదు. కొందరి కార్నియా 540 ఉన్నా పుట్టుకతోనే మెతక. కెరటోకోనస్ అనే జబ్బు మొదటి దశలో చూపు మామూలుగానే ఉంటుంది, సిలిండర్ మాత్రం ఏటా కొంచెం మారుతూ ఉంటుంది. అలాంటి కంటి మీద లేజర్ కొడితే గోతిలో తోసినట్టే. అందుకే టోపోగ్రఫీ. పెంటాకామ్ లాంటి మెషీన్ ముందు గడ్డం ఆనించి కూర్చుంటే రెండు సెకన్లలో కార్నియా ముందు వైపు, వెనక వైపు, మందం అన్నీ రంగుల మ్యాపులుగా వస్తాయి. చదునుగా ఉన్న చోట నీలం, వంపు ఎక్కువున్న చోట ఎరుపు. సిలిండర్ ఉన్నవాళ్లకి మధ్యలో ఎర్రగా డమరుకం ఆకారం వస్తుంది. పైసగం, కిందిసగం సమానంగా ఉంటే పర్లేదు. కింద సగం మాత్రమే ఎర్రగా ఉబ్బినా, డమరుకం వంగిపోయినా, వెనక మ్యాపులో అదే చోట గుట్ట లేచినా అక్కడితో ఆపేస్తాం. ఆ ప్రింటవుట్ మీ చేతికి ఇస్తారు, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

తల్లులకి ఒక మాట. పిల్లలు కళ్లు నలుపుకుంటారా? వేలి కొసతో మూలన తుడుచుకోవడం గురించి కాదు నేను అడిగేది. పిడికిలి ముడిచి, కణుపులతో గట్టిగా గుండ్రంగా రుద్దడం. ఎండాకాలం దుమ్ముకి అలర్జీ దురద వచ్చే పిల్లలు అలా చేస్తారు, ముఖ్యంగా మగపిల్లలు. ఏళ్లతరబడి అలా నలిపితే మెతక కార్నియా ఉబ్బుతుంది. లేజర్ సంగతి తర్వాత, ముందు ఆ దురదకి మందు వేయించండి. దురద తగ్గి, కనీసం ఏడాది మ్యాపు కదలకుండా ఉంటేనే లేజర్ మాట.

మిగతా పరీక్షలు త్వరగా చెప్పేస్తాను. వయసు 18 దాటాలి, ఏడాదిగా పవర్ అర డయాప్టర్ మించి మారకూడదు. చాలామందికి 20, 21 దాకా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇంటర్ అయిపోగానే తొందరపడొద్దు. గర్భం, పాలిచ్చే రోజుల్లో చేయం, హార్మోన్లకి పవరూ, కన్నీరూ రెండూ మారతాయి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతుంటే చెప్పండి, అవి కళ్లని ఎండబెడతాయి. కీళ్లవాతం, లూపస్ లాంటివి అదుపులో లేకపోతే పుండు సరిగా మానదు. కంటి మీద ఎప్పుడైనా హెర్పిస్ వచ్చిందేమో కూడా చెప్పాలి.

కాంటాక్ట్ లెన్సుల దగ్గర చాలామంది అబద్ధం చెప్తారు. మెత్తటి లెన్సులు కనీసం 2 వారాలు, గట్టివి 4 వారాలు ముందే తీసేయాలి. లెన్సు కార్నియాని తన ఆకారంలోకి నొక్కి ఉంచుతుంది. నిన్న రాత్రి తీసేసి ఇవాళ "రెండు వారాలైందండీ" అంటే, మెషీన్ కొలిచేది లెన్సు నొక్కిన ఆకారాన్ని. ఆ తప్పు పవర్‌కే లేజర్ కొడతాం. రెండు నెలల తర్వాత కార్నియా తన సొంత ఆకారానికి వచ్చాక మళ్లీ సైట్ మిగిలిందని మమ్మల్ని తిడతారు!

చుక్కలు వేసి పవర్ చూడటం కూడా తప్పనిసరి. కుర్రవాళ్ల కళ్లలో కండరం చాలా బలంగా పనిచేసి అసలు కంటే ఎక్కువ మైనస్ చూపిస్తుంది. కళ్లజోడు మైనస్ 4 ఉన్నా, చుక్కలు వేశాక మూడున్నరే తేలొచ్చు. నాలుగుకి లేజర్ కొడితే కన్ను ప్లస్ అయిపోతుంది, చదివినప్పుడల్లా తలనొప్పి. అవే చుక్కలతో కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి కంటి వెనక బొమ్మ పడే తెర, అదే రెటీనా, దాని అంచులు కూడా చూస్తాం. మైనస్ కన్ను అంటే పొడుగు సాగిన కన్ను. పొడుగు ఒక మిల్లీమీటరు పెరిగితే రెండున్నర నుంచి మూడు డయాప్టర్లు. గుడ్డు సాగినచోట రెటీనా కూడా పల్చబడి అంచుల్లో చిన్న రంధ్రాలు పడొచ్చు. అలాంటివి ఉంటే ముందు వాటి చుట్టూ వేరే లేజర్‌తో కుట్టేసినట్టు చేసి, కొన్ని వారాలు ఆగి, అప్పుడు ఇది చేస్తాం. ఇంకో మాట గుర్తుంచుకోండి. కళ్లజోడు పోయినంత మాత్రాన కన్ను పొట్టిది కాదు. ఆపరేషన్ తర్వాత కూడా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. మెరుపులు కనపడ్డా, నల్ల చుక్కలు ఒక్కసారిగా పెరిగినా ఆ రోజే రావాలి.

కన్నీటి పరీక్ష తెలుసా? కింది రెప్పలో కాగితం చీలిక పెట్టి 5 నిమిషాలు ఉంచుతారు. 10 మిల్లీమీటర్ల దాకా తడవకపోతే అనుమానం, 5 కూడా తడవకపోతే ఇప్పుడు వద్దు. రోజంతా ఏసీలో కంప్యూటర్ ముందు కూర్చునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇందులోనే ఎక్కువ తప్పుతారు.

సరే, పద్ధతులకి వద్దాం.

అన్నిటికంటే పాతది పీఆర్‌కే. మూత లేదు. కార్నియా పైన 50 మైక్రాన్ల చర్మం లాంటి పొర ఉంటుంది, అది మళ్లీ పెరుగుతుంది. చిన్న ఉంగరంలాంటి గిన్నె కంటి మీద ఆనించి, అందులో పలచన చేసిన ఆల్కహాల్ 20 సెకన్లు ఉంచి కడిగేస్తే ఆ పొర వదులవుతుంది. తుడిచేసి కింద లేజర్ కొడతాం. కొత్త మెషీన్లలో ఆ పొరని కూడా లేజరే తీసేస్తుంది. పవర్ ఎక్కువైతే మైటోమైసిన్ మందులో ముంచిన స్పాంజి కొన్ని సెకన్లు పెట్టి, చల్లటి ద్రవంతో బాగా కడుగుతాం. పుండు మానేటప్పుడు తెల్లటి మసక పొర రాకుండా ఆపేది అదే. చివర పుండుకి కట్టులా కాపాడే కాంటాక్ట్ లెన్సు పెట్టి పంపిస్తాం. మూడు రోజులు నరకం, అబద్ధం ఎందుకు చెప్పాలి? కిలో ఉల్లిపాయలు కోసినట్టు మంట, నీళ్లు, వెలుతురు చూడలేకపోవడం. నాలుగైదు రోజులకి పొర కప్పుకుంటుంది, లెన్సు తీస్తాం. చూపు తేటపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా కుదురుకోవడానికి మూడు నెలలు. ఇంత బాధ ఎందుకంటే, మందం మిగులుతుంది కాబట్టి. మూత లేదు కాబట్టి ఊడిపోయే భయమూ లేదు. కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లకీ, పోలీసు ట్రైనింగ్‌కి వెళ్లేవాళ్లకీ నేను చెప్పేది ఇదే. లాసిక్ మూత ఏళ్ల తర్వాత కూడా గట్టి దెబ్బకి జరగగలదు.

పీఆర్‌కే విషయంలో బెజవాడకి ప్రత్యేకంగా ఒక సలహా. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఆ మసక పొరని పెంచుతాయి. దసరా దాటాక చేయించుకోండి. చేయించుకున్నా మూడు నాలుగు నెలలు మంచి గాగుల్స్ లేకుండా బయటికి రావద్దు.

లాసిక్ ఇందాక చెప్పాను. మూత కోయడానికి రెండు దారులు: బ్లేడున్న మైక్రోకెరటోమ్, లేదా ఫెమ్టోసెకండ్ లేజర్. "బ్లేడ్‌లెస్" అని ప్రకటన ఇచ్చేది రెండోదానికే. బ్లేడుతో మూత మందం అనుకున్నదానికంటే ఇరవై ముప్పై మైక్రాన్లు అటూ ఇటూ అవ్వొచ్చు. వంపు బాగా ఎక్కువున్న కార్నియాలో మూత మధ్య చొక్కా కాజాలాగా చిల్లు పడొచ్చు, చదునుగా ఉన్నదాంట్లో మూత పూర్తిగా ఊడి చేతికి రావొచ్చు. ఫెమ్టోలో ఇవి చాలా తక్కువ. అందుకే అంచుల్లో ఉన్న లెక్కలకి ఫెమ్టో డబ్బు దండగ కాదంటాను. మందం పుష్కలంగా ఉండి మైనస్ 2 ఉన్నవాళ్లకి, అనుభవమున్న చేతిలో బ్లేడు లాసిక్ కూడా బానే ఉంటుంది.

కాంటూరా వేరే ఆపరేషన్ కాదు, లాసికే. కార్నియా ఎత్తుపల్లాల మ్యాపు చూసి చెక్కుతుంది. ఎగుడుదిగుడు ఉన్న కార్నియాకి పనికొస్తుంది. మామూలు కార్నియాకి హోర్డింగు చెప్పినంత తేడా ఉండదన్నది నా అభిప్రాయం.

స్మైల్ మీదే అందరికీ మోజు. ఇందులో ఎక్సైమర్ ఉండదు, ఫెమ్టో లేజర్ ఒక్కటే. కార్నియా లోపలే రెండు పొరలుగా కోసి, మధ్యలో లెన్సు ఆకారంలో చిన్న బిళ్ల తయారుచేస్తుంది. దాన్ని లెంటిక్యూల్ అంటారు. అంచున 2 నుంచి 4 మిల్లీమీటర్ల చీలిక. ఆ సందులోంచి సన్నటి పరికరం పంపి ముందు బిళ్ల పైముఖం, తర్వాత కిందిముఖం విడదీసి, పట్టకారుతో బయటికి లాగుతాం. తాటిముంజె మీద పల్చటి పొర చిరగకుండా ఒలవడానికి ఎంత ఓపిక కావాలో మీకు తెలుసు. ఇదీ అంతే. వరస తప్పి కిందిముఖం ముందు విడదీస్తే బిళ్ల పైకప్పుకి అతుక్కుపోతుంది, దాన్ని వెతుక్కుని ఊడదీయడం పెద్ద పని. పవర్ తక్కువైతే బిళ్ల మరీ పల్చన, చిరిగి ముక్క లోపల ఉండిపోవచ్చు. అందుకే మైనస్ ఒకటిన్నర ఉన్న కుర్రాడు స్మైలే కావాలంటే ఆలోచించమంటాను. సిల్క్, స్మార్ట్‌సైట్ అని వినే పేర్లన్నీ వేరే వేరే కంపెనీల మెషీన్లతో చేసే ఇదే రకం ఆపరేషన్లు.

మూత లేదు కాబట్టి నరాలు తక్కువ తెగుతాయి, కళ్లు ఎండిపోవడం కొంత తక్కువ. ఇది నిజమైన లాభం. "స్మైల్‌లో మందం ఆదా" అని ఎవరైనా చెప్తే మాత్రం మళ్లీ తీసివేత చేయండి. బిళ్ల మరీ కాగితంలా ఉంటే పట్టుకోలేం కాబట్టి అడుగున పది పదిహేను మైక్రాన్లు అదనంగా కలుపుతాం. మైనస్ 8 అన్నయ్యకి లాసిక్‌లో 112 పోతే ఇందులో ఇంకాస్త ఎక్కువే పోతుంది. పైకప్పు 120. దానికి బలం కొంత మిగులుతుందన్న వాదనలో పస ఉంది, కానీ దాన్ని నమ్ముకుని గీత దాటకూడదు.

అన్నయ్యకి దారి మూసుకుపోలేదు. లేజర్ కాకుండా ఐసీఎల్ ఉంది. 3 మిల్లీమీటర్ల సందులోంచి మడత పెట్టిన లెన్సుని లోపలికి పంపి, కనుపాప తెరకీ సహజ లెన్సుకీ మధ్య పరుస్తాం. కార్నియాలో ఒక్క మైక్రాన్ కూడా చెక్కం. కాకపోతే ముందుగది లోతు, అంటే కార్నియాకీ సహజ లెన్సుకీ మధ్య ఖాళీ, కనీసం 2.8 మిల్లీమీటర్లు ఉండాలి, కార్నియా లోపలి కణాల లెక్క సరిపోవాలి. లెన్సు సైజు తప్పితే రెండు వైపులా బాధే. చిన్నదైతే సహజ లెన్సుకి ఆని శుక్లం వస్తుంది, పెద్దదైతే నీటి దారి మూసుకుని ఒత్తిడి పెరుగుతుంది. కావాలంటే తీసేయొచ్చు, అది దీని సుగుణం. కానీ కంటి లోపలికి వెళ్లే ఆపరేషన్, లేజరంత తేలిక అనుకోవద్దు.

ఆపరేషన్ రోజు. కాటుక, ఐలైనర్ మూడు రోజుల ముందే ఆపేయండి. ఆ పొద్దున తలస్నానం చేసి రండి, వారం దాకా మళ్లీ ఉండదు. టిఫిన్ తినొచ్చు. సెంటు, డియోడరెంట్, ఘాటు వాసన నూనెలు వద్దు. ఇది చాదస్తం కాదు, గాల్లో కలిసే ఆవిర్లు ఎక్సైమర్ శక్తిని తగ్గిస్తాయి, అద్దాల మీద పేరుకుంటాయి. గది చల్లగా, తేమ 50 శాతం లోపు ఉండాలి. మన కృష్ణా తీరం ఉక్కపోతలో అది తేలిక కాదు, ఏసీ, తేమ తీసే యంత్రం రెండూ ఆగకుండా నడవాలి. కార్నియా తడిగా ఉంటే లేజర్ తక్కువ చెక్కుతుంది, ఎండితే ఎక్కువ చెక్కుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు ప్లాస్టిక్ పలక మీద కొట్టి శక్తి సరిచూస్తారు. సిలిండర్ ఉంటే మిమ్మల్ని నిటారుగా కూర్చోబెట్టి కంటి మీద ఇంకు గుర్తు పెడతారు, పడుకోగానే కన్ను కొన్ని డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి.

సూది ఉండదు, తిమ్మిరి చుక్కలే. రెప్ప మూయకుండా క్లిప్పు పెడతారు, కాబట్టి "రెప్ప వేస్తే ఎలా" అన్న భయం వద్దు. కన్ను కదలకుండా పీల్చి పట్టే కప్పు అంటుకున్నప్పుడు గట్టి నొక్కుడు తెలుస్తుంది, చూపు మసకవుతుంది. స్మైల్‌లో ఆ నొక్కుడు సుమారు అర నిమిషం. పచ్చలైటు చూస్తూ ఉండాలి, అది మాయమైనా దాన్ని వెతకకూడదు. కన్ను తిప్పితే కప్పు ఊడుతుంది. అప్పుడు కోత ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి మళ్లీ మొదలుపెట్టడమో, లాసిక్‌కి మారడమో, ఆ రోజుకి ఆపేయడమో. లాసిక్, పీఆర్‌కేల్లో టకటక చప్పుడు, వెంట్రుక కాలిన వాసన వస్తాయి. కన్ను కాలుతోందని కంగారుపడి తల ఎత్తకండి. అణువులు విడిపోయేటప్పుడు వచ్చే వాసనే అది. రెండు కళ్లకీ కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు.

ఇంటికెళ్లి నాలుగైదు గంటలు కళ్లు మూసుకుని పడుకోండి. నిద్ర మాత్ర కంటే గొప్ప మందు అది. వారం రోజులు రాత్రిళ్లు కంటికి ప్లాస్టిక్ కవచం, నిద్రలో చెయ్యి వెళ్తుంది కాబట్టి. వారం దాకా కంట్లో చన్నీళ్లు కూడా పడకూడదు. దుర్గా ఘాట్‌లో మునక, ఈత నెల తర్వాతే. గుంటూరు నుంచి వచ్చినవాళ్లున్నారా? మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు, ఇంట్లో కారం కొట్టించే రోజులున్నవాళ్లు పదిహేను రోజులు ఆ దరిదాపులకి వెళ్లొద్దు. కారం పడితే చెయ్యి మన మాట వినదు, నలుపుతుంది. లాసిక్ మూత మొదటి రోజుల్లో నలిపితే దుప్పటిలా మడతపడుతుంది. మడత ఒకటి రెండు రోజుల్లో కనిపెడితే ఎత్తి సాపు చేయగలం, నెలైతే ఇస్త్రీ కూడా పనిచేయదు.

మర్నాటి చెకప్ మానేవాళ్లున్నారు, "బాగా కనపడుతోందిగా" అని. మూత కింద ఇసుక చల్లినట్టు వాపు కణాలు చేరేది ఆ మొదటి మూడు రోజుల్లోనే. నొప్పి ఉండదు, మీకు తెలియదు. మైక్రోస్కోపులో మాకు కనపడుతుంది. స్టెరాయిడ్ చుక్కలు పెంచితే పోతుంది, వదిలేస్తే మూత కరిగి మచ్చ పడుతుంది. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రైనా రావాలి.

చుక్కల సంగతి. యాంటీబయాటిక్ వారం. స్టెరాయిడ్ లాసిక్, స్మైల్‌లకి కొన్ని వారాలు, పీఆర్‌కేకి రెండు మూడు నెలలు తగ్గించుకుంటూ. కన్నీటి చుక్కలు మూడు నెలలు, ఒక్కోసారి ఆరు. ఇక్కడొక పెద్ద పొరపాటు జరుగుతుంది. సీసా అయిపోగానే పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకెళ్లి అదే స్టెరాయిడ్ మళ్లీ కొంటారు. "అది వేసుకుంటే హాయిగా ఉంటుందండీ" అంటారు. నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి చాటుగా పెరిగి నరం దెబ్బతింటుంది. కన్నీటి చుక్కలు మీరే కొనుక్కోండి, స్టెరాయిడ్ మాత్రం మేం రాస్తేనే.

రాత్రిళ్లు లైట్ల చుట్టూ వలయాలు మొదటి నెలల్లో మామూలే. హైవే మీద ఎదురొచ్చే లారీ లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కనపడతాయి. మూడు నుంచి ఆరు నెలల్లో చాలామందికి తగ్గుతుంది. అందాకా రాత్రి డ్రైవింగ్ తగ్గించండి.

ఇక మీ ప్రశ్నలు. చీటీలు వచ్చినట్టున్నాయి.

"నాకు 44 ఏళ్లు. చేయించుకుంటే కళ్లజోడు పూర్తిగా పోతుందా?" దూరానిది పోతుందమ్మా, చత్వారం పోదు. అది లోపలి లెన్సు బిగుసుకోవడం, కార్నియాతో సంబంధం లేదు. పైగా మీకు మైనస్ 2 ఉంటే ఇప్పుడు జోడు తీసి పేపరు చదవగలుగుతున్నారు. లేజర్ చేస్తే ఆ సుఖం పోయి చదవడానికి అద్దాలు కొనాలి. ఒక కంటికి దూరం, ఇంకో కంటికి దగ్గర పెట్టే మోనోవిజన్ ఉంది. ముందు కాంటాక్ట్ లెన్సులతో రెండు వారాలు అలా గడిపి చూడండి, సరిపడితేనే లేజర్.

"రైల్వే లోకో పైలట్ పరీక్షకి చదువుతున్నాను." అయితే ముట్టుకోవద్దు బాబూ. లాసిక్ చేయించుకున్నవాళ్లని అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి తీసుకోరు. మెడికల్స్‌లో టోపోగ్రఫీ తీస్తే బయటపడుతుంది, దాచలేవు. సైన్యం, పోలీసు ఉద్యోగాలకి నిబంధనలు వేరే వేరేగా ఉంటాయి. నోటిఫికేషన్లో వైద్య ప్రమాణాల పేజీ చదివి, దాన్ని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు.

"ఇన్సూరెన్స్ వస్తుందా?" ఏడున్నర డయాప్టర్ల కంటే తక్కువ పవర్‌కి మామూలు హెల్త్ పాలసీల్లో రాదు. అంతకంటే ఎక్కువుంటే పాలసీ కాగితం చూసుకుని ముందుగా అనుమతి అడగండి.

"చేయించుకున్నాక సైట్ మళ్లీ వస్తుందా?" కొందరికి కొంత వస్తుంది, పవర్ ఎక్కువున్నవాళ్లకి మరీనూ. మందం మిగిలుంటే మళ్లీ కొంచెం చెక్కొచ్చు. మొదటిసారే గీత దాకా ఖర్చు పెట్టేస్తే రెండోసారికి బ్యాంకులో బ్యాలెన్స్ ఉండదు. నేను 300 దగ్గర ఆగడానికి ఇదీ ఒక కారణం.

చివరి చీటీ. "పెద్దయ్యాక శుక్లం ఆపరేషన్‌కి అడ్డమా?" అడ్డం కాదు, కానీ లెక్క తప్పుతుంది. శుక్లానికి పెట్టే లెన్సు పవర్‌ని కార్నియా వంపు కొలిచి నిర్ణయిస్తారు. లేజర్ పడిన కార్నియాని మామూలు సూత్రం తప్పుగా చదువుతుంది. మైనస్‌కి చేయించుకున్నవాళ్లకి శుక్లం తీశాక ప్లస్ మిగులుతుంది. నీటికాసులకి కొలిచే ఒత్తిడి కూడా పల్చబడిన కార్నియాలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అప్పటి డాక్టరుకి మీ పాత కాగితాలు కావాలి: ఆపరేషన్‌కి ముందు పవర్, ముందు కె రీడింగులు (కార్నియా వంపు కొలతలు), మందం, టోపోగ్రఫీ ప్రింటు, ఎన్ని మైక్రాన్లు తీశారో ఆ షీటు, మూడు నెలల తర్వాత కుదురుకున్న పవర్. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఆసుపత్రి వాళ్ల దగ్గర ఉంటాయని నమ్మకండి. థర్మల్ పేపరు మీద ప్రింటయితే రెండేళ్లలో తెల్లబడుతుంది కాబట్టి జిరాక్స్ తీయించి, ఫోన్లో ఫోటో తీసుకుని, అసలుది బీరువాలో పొలం కాగితాలతో పాటు పెట్టండి.